వాని మిషన్‌కి నా సంతకం

5-3-2006, ఆదివారం
ఊరికే ఏడుస్తా కూర్చోవద్దు, ఏమన్నా రాయమ్మా అని అంబిక ఈ డైరీ ఇచ్చింది. కూతురు చెప్పినాక వినల్ల గదా.

మా కొడుకు ధనుంజయ మిషన్ సంగతి రాస్తా. చంద్రిక అనే వెదురు తట్టలో పురుగులు కట్టిన పట్టుగూళ్ళు వేళ్ళతో పీకి పీకి నా గోళ్ళు పోతాంటే చూసి, పెడల్ తొక్కితే గూళ్ళు రాలేట్లు చేసినాడు. పోయిన మార్చిలో ఇండియా పేటెంటుకి వాడే అర్జీ పెట్టె. ఆషాఢంలో వానికి జ్వరమొచ్చె. పట్టుపురుగు పొర వదిలే ముందు సొమ్మసిల్లేదాన్ని కూడా మేము జ్వరమే అంటాము. నాలుగు జ్వరాలొచ్చినా పురుగు లేస్తుంది. వాడు లేవలేదు.

9-3
బెంగళూరు నుంచి పేటెంట్ ఏజెంట్ సహన వచ్చింది, అంబిక స్నేహితురాలు. పీసీటీ అని దేశాల మధ్య ఒప్పందమంట, దాంట్లో బయటి దేశాలకంతా ఒకే అర్జీ ఉండాదంట. వాని మొదటి అర్జీకి ఈ నెలాఖరుకి ఏడాది, అది దాటితే ఆ పాత తేదీ దక్కదంట, ఇంకెవురైనా నాదే ముందు అనొచ్చునంట.

ఎవురు పెట్టొచ్చు అంటే, ఒప్పందంలో ఉండే దేశం పౌరులన్నా కావల్ల, ఆ దేశంలో కాపురమన్నా ఉండల్ల, ఒకటి చాలు అనె. మా ఇంటాయన, ఇంతేనా, రేషన్ కార్డుకి దీనికన్నా ఎక్కువ అడుగుతారు గదమ్మా అని నవ్వె.

10-3
రాసేది ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండల్లంట. తెలుగు కాదు, కన్నడ కాదు. నేను చెప్తా పోతి, సహన ఇంగ్లీషు చేస్తా పోయె. గూటి పీచు గోకే ముక్కకి వాడు పిల్లినాలుక అని పేరు పెట్టినాడు. సహన దాన్ని వంగే భాగం అని ఏమో రాసుకొనె. పిల్లి ఏమాయెనమ్మా అంటే, పిల్లికి వీసా రాలేదమ్మా అనె. పగలబడి నవ్వితిమి. వాడు పోయినాక ఈ ఇంట్లో ఇదే మొదలు.

18-3
మా ఇండ్లలో పొలం పహణీ గానీ కరెంటు బిల్లు గానీ ఇంటి మగవాని పేరునే. అందుకని ఎవురూ అడక్కుండానే మా ఇంటాయన సహన ఇచ్చిన ఫారంలో అర్జీదారు చోటంతా సంతకాలు చేసి పంపినాడు. తన పేరున అర్జీ పోయిందని చింతామణి టౌను బజారులో చెప్పుకొని కూడా వచ్చె. సహన ఫోన్ చేసి చెల్లదు అనె. పెండ్లి కాని కొడుకు పోతే వాని హక్కు తల్లికే చెందుతాదంట, తల్లి ఉండంగా తండ్రికి రాదంట. నేనేమి పక్కింటోణ్ణా అని ఆయన మొగం మాడ్చుకొనె. నాకు లోపల నవ్వు.

20-3
నవ్వు పోయె. కొత్త ఫారమొచ్చింది. కనిపెట్టినవాని చోట ధనుంజయ పేరు, పక్కన బ్రాకెట్లో ఇంగ్లీషు మాట. చదవమంటే అంబిక లేచి బయటికి పోయె. సహనని అడిగితి. మరణించిన, అని. నేను వాని వారసురాలనంట. తల్లి బిడ్డకి వారసురాలా? యాడన్నా ఉండాదా?

24-3
సంతకం పెట్టను.

29-3
ఆయన పొద్దున్నే మిషన్‌కి నూనె పోస్తాండె. నువ్వు పెట్టకపోతే వాని పేరు కూడా యాడా ఉండదు గదా యశోదా, అనె. నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళాయెనో.

కాగితం తీసుకొని వచ్చిన సహనని చిక్కబళ్ళాపురం బస్టాండులో పట్టుకొంటిమి. నాకొచ్చేది నాలుగో క్లాసు తెలుగు. సంతకం ఏ అక్షరాల్లో ఉన్నా చెల్లుతుంది, పక్కన మీ పేరు నేను ఇంగ్లీషులో రాసినాను అనె. ఆ బ్రాకెట్ మాట మీద ఎడమచెయ్యి పెట్టి మూసి, సంతకం చేసినా. నేనే చెయ్యి తీసేదాకా సహన కాగితం లాగలేదు.

15-4
అర్జీకి నంబరొచ్చింది. ఆయన మళ్ళా బజారుకి పోయినాడు, ఈసారి నా పేరు చెప్పేదానికి.

అర్జీ పెట్టి అడిగింది నేను. మిషన్ చేసింది వాడు.