డబ్బాలో వచ్చిన లినక్స్

సత్యమన్నా,

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. సిద్దిపేటలో మన కంప్యూటర్ షాపు నడుస్తూనే ఉంది. ఇప్పుడు చెప్పబోయే మాట నీకు కాక ఇంకెవరికీ చెప్పలేను.

ల్యాప్‌టాప్‌లలో లినక్స్ సిస్టమ్ వేసి అమ్మండి, అది ఉచితం, తెరంతా తెలుగులో పెట్టుకోవచ్చు అని కంపెనీలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేవాడివి. ఇప్పుడు ఒక కంపెనీ అలాగే పంపుతోంది. నేను మాత్రం డబ్బా విప్పగానే దాన్ని చెరిపేసి, అందరికీ అలవాటైన సిస్టమ్ దొంగ కాపీ ఎక్కిస్తున్నాను. కొనేవాళ్లకు ఒక్కసారి చూపించను కూడా. చూపిస్తే కూర్చోబెట్టి నేర్పాలి. నీకున్న ఓపిక నాకు లేదు.

నిన్న ఆ కంపెనీ మనిషి వచ్చాడు. "మా లినక్స్ ఎవరన్న వాడుతున్నరా?" అని అడిగాడు. "గీడ ఎవ్వలు అడుగరు సార్" అన్నాను. అతను అదే రాసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ప్రజ్ఞాపూర్‌లో దరఖాస్తులు టైపు చేసే సుజాత వచ్చింది. పోయిన వారమే మన దగ్గర ఆ కంపెనీ ల్యాప్‌టాప్ కొన్నది.

"అన్నా, నా పాతదాంట్ల సత్యమన్న ఎక్కిచ్చిన లినక్స్ ఉండె గద. గీ కొత్తదాంట్ల గూడ గదే ఎక్కియ్యి" అంది.

చెరిపేసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. "కొత్తవాట్ల లినక్స్ నడువదమ్మా, కంపెనీయోళ్లు సపోర్టు ఇస్తలేరు" అన్నాను.

"అయ్యో! సత్యమన్న ఉంటే ఉత్తరం రాసేటోడు. ఒక కాగితమియ్యి, నేనే రాస్త."

నీ కుర్చీలో కూర్చుని, లినక్స్ ఇవ్వమని బతిమాలుతూ రెండు పేజీలు రాసింది. కంపెనీ చిరునామా నేనే చెప్పాను.