మకాం ఎత్తేసే ముందు

అమ్మకు,

నీ చిన్నోడు నమస్కరించి రాసేది. నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, నాన్న, అక్క కులాసా అని చదివాక మనసు కుదుటపడింది. నీ మోకాలి నొప్పి సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశావు. డాక్టరు దగ్గరికి నిజంగా వెళ్లావా, వెళ్లినట్టు రాశావా?

నువ్వడిగిన వాటికి జవాబులు. తిండికి లోటు లేదు, రుచికే లోటు. చలికి నువ్వు కుట్టి పంపిన చొక్కా లోపల వేసుకుంటున్నాను. యుద్ధం వద్దంటూ నువ్వు ఊరేగింపులో నడిచావని తెలిసి నాకు కోపం రాలేదు. వచ్చిన కొత్తలో అయితే వచ్చేదేమో. ఇప్పుడు మాలో ఎవర్ని కదిపినా, ఎందుకొచ్చాంరా ఇక్కడికి అనే అంటున్నారు.

మకాం ఎత్తేస్తున్నాం. "ఇంత ఆలస్యమెందుకు, వచ్చిన దారి మరిచిపోయారా?" అని రాశావు. నవ్వొచ్చింది. కానీ అమ్మా, రావడం కన్నా వెళ్లడమే కష్టం. పదిమంది బండెక్కితే మిగిలినవాళ్లకి కాపలా పలచబడుతుంది. అందుకే ఎప్పుడు వెళ్తున్నామో ఇక్కడి ఊళ్లోవాళ్లకి చెప్పకూడదు. స్టోరు బాధ్యత నాది కాబట్టి కుర్చీ దగ్గర్నుంచి గరిటె దాకా జాబితా రాసేది నేనే. పెట్టెల మీద సుద్దముక్కతో రాస్తుంటే, నాన్న వంతెన పనుల కోసం మనం ఇళ్లు మారిన రోజులే గుర్తొస్తున్నాయి. కుట్టుమిషను ముందెక్కాలి, అద్దం నీ ఒళ్లో ఉండాలి, నేను నీ పక్కన ఉండాలి. ఒకసారి డాబా మీద నిద్రపోతున్న అక్కని వదిలేసి వీధి మలుపు దాకా వెళ్లిపోయాం కదా. పెట్టెలన్నీ సరిపోయాయి, పిల్లలే సరిపోలేదు. అక్క ఇప్పటికీ దెప్పుతుందా? ఖాళీ గదుల్లో మన మాటలు మోగేవి. వదిలి వెళ్లే ఇంటిని కూడా నువ్వు కడిగి మరీ తాళం ఇచ్చేదానివి. ఆ రోజులు ఎంత బాగుండేవో అప్పుడు తెలియలేదు.

అసలు సంగతి ఇంతసేపూ దాటవేస్తూ వచ్చాను. ఇక్కడివాళ్ల మాటలు మాకూ, మా మాటలు వాళ్లకూ చెప్పే దుబాసీ గురించి రాశాను కదా, ఒకప్పటి బడిపంతులు. రెండేళ్లుగా నా ఎదుటి కుర్చీ ఆయనదే. మాకు పనిచేసినందుకు ఊళ్లో కొందరు ఆయన మీద పళ్లు నూరుతున్నారు. అందుకే భార్యనీ ఇద్దరు కూతుళ్లనీ దూరంగా అత్తారింట్లో ఉంచారు. రెండు నెలల క్రితం, "మీరిప్పట్లో వెళ్లరు కదా, వాళ్లని తెచ్చుకోనా?" అని అడిగారు. తేదీ నాకు తెలుసు. చెప్పకూడదని ఆజ్ఞ. తెలీదంటే సరిపోయేది. "ఏడాది దాకా కదలం, తెచ్చుకోండి" అన్నాను. తెచ్చుకున్నారు. పిల్లల్ని బళ్లో కూడా వేశారు.

ఇప్పుడు దారులు మూసుకుపోయాయి, వాళ్లని వెనక్కి పంపే వీల్లేదు. నా జాబితాలో విరిగిన స్టూలుకి కూడా చోటుంది, ఆయనకి లేదు. ఆ కుటుంబాన్ని మాతో తీసుకెళ్లాలంటే పైనుంచి అనుమతి కాగితం రావాలి, అదెప్పుడొస్తుందో తెలీదు. వచ్చాక, ఆయనతో పనిచేసినవాడు గేటు దగ్గర నిలబడి, ఈయన మా మనిషే అని సంతకం పెట్టాలి. నా పేరు మొదటి బండిలో ఉండేది. నిన్న కొట్టేయించి ఆఖరి బండికి మార్పించుకున్నాను. "ఇంటికెళ్లడానికి అందరూ ఎగబడుతుంటే నీకేమొచ్చిందయ్యా?" అన్నాడు అధికారి. నాకు భయంగానే ఉందమ్మా. ఆఖరి బండి ఎంత ప్రమాదమో జాబితా రాసేవాడికి తెలియదా.

ఈ ఉదయం దుబాసీకి నా అబద్ధం చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. నెమ్మదిగా, "మరి మీరెప్పుడు వెళ్తున్నారు?" అని అడిగారు.

ఈసారి నిజమే చెప్పాను. "మీరు వెళ్లాక."

ఇట్లు,
నెలాఖరుకి వస్తానని నీకిచ్చిన మాట తప్పుతున్న
నీ చిన్నోడు