నీలంగా ఉండాల్సిన కాగితాలు

మే 4, సోమవారం. సాయంత్రం 6.30

ఇప్పుడే రాయాలి. రేపటిదాకా ఆగితే ఈ పట్టుదల ఉండదు. నా సంగతి నాకు తెలుసు.

ఈరోజు కాలేజీ ల్యాబ్‌లో మా దేశాయి మేడమ్ నా చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు పెట్టారు. లోపల పన్నెండు నీలం కాగితపు ముక్కలు. నేను చేసినవే! చేపలు పాడైతే వచ్చే వాయువు తగిలితే ఎర్రబడతాయి. వీటి అణువులు నీళ్లలో తమంతట తామే వరుస కడతాయి. అతినీలలోహిత కాంతి పడగానే ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొలుసులవుతాయి. అప్పుడు నీలం. గొలుసు మెలిపడితే ఎరుపు. ఇక వెనక్కి రాదు.

ల్యాబ్‌కి ఏసీ ఉంది. వడోద్‌లో మేముండే గదికి రేకుల కప్పు ఉంది. ఈ ఎండల్లో పది రోజులు మా ఇంట్లో నీలంగానే నిలిస్తే, వచ్చే ఏడాది ప్రాజెక్టు నాది. లేదంటే నా క్లాసువాడు జయదేవ్‌ది.

ప్రతిజ్ఞ: కవరు విప్పను. ఎవరికీ చూపించను. ఎవరికీ చెప్పను. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే. ఆ మాత్రం నోరు అదుపులో పెట్టుకోలేనా?

మే 5. ఉదయం 7.00

నీలం! సాయంత్రం 7.00. నీలం! ఎంత తేలికో.

"ఏంది బిడ్డా గా కవరు?" అని అడిగింది అమ్మ.

"ఏం లేదే."

"ఏం లేకుంటె దేవుని పటం ఎనుక ఎందుకు దాచినవ్?"

చెప్పలేదు. శభాష్ సంగీతా!

మే 6

అమ్మకి మాత్రం చెప్పాను. అమ్మ 'ఎవరూ' అనే లెక్కలోకి రాదు. ఒక్కటి బయటికి తీసి చూపించాను. శుభ్రత ముఖ్యం కదా, ముందు చేతులకి శానిటైజర్ రాసుకున్నాను. వేళ్లు ఆరకముందే పట్టుకున్నాను. స్పిరిటు తగిలి ఎరుపు!

"అగో, సిగ్గుపడ్డది!" అంది అమ్మ.

పోనీ. ఇంకా పదకొండున్నాయి.

మే 8

నిన్న రాయలేదు. కారణం పక్కగది కనకవ్వ. ఆమెకి చెప్పింది అమ్మ, నేను కాదు. కాబట్టి ప్రతిజ్ఞ చెడలేదు.

"డాక్టరమ్మా, నా చాపలు జర చూడరాదే," అంది కనకవ్వ.

డాక్టరమ్మా అంది! ఒకటి ఇచ్చేశాను.

ఆమె దాన్ని మరుగుతున్న పులుసు గిన్నె మూతకి అంటించింది. వేడికి కూడా ఎర్రబడుతుందని చెప్పడం మరిచాను. గిన్నెతో సహా బజారుకి వెళ్లి, చేపలమ్మే ఆవిడ ముందు పెట్టింది.

"తాజీ ఛే, బేన్! ఏకదమ్ తాజీ!" అంది ఆవిడ గుజరాతీలో, తాజావే అక్కా అని.

"తాజీ అయితె గిదెందుకు ఎర్రగైంది? మా పోరి సైన్సు చదివింది, తెలుసా?"

నేను పరుగెత్తి ఇద్దరికీ క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత అక్కడే ముగ్గురం పులుసు రుచి చూశాం. చేపలు నిజంగానే తాజా.

మే 10, ఆదివారం

పక్క వీధిలో ఉండే కనకవ్వ చుట్టాలకి మూడు ఇచ్చాను. అడిగితే ఎలా కాదంటాను? మిగిలినవి ఏడు. ఏడు చాలు. శాస్త్రానికి అయిదైనా చాలంటారు. ఎవరంటారో గుర్తులేదు.

నాన్నకి మాత్రం చెప్పలేదు. పాండేసరా బట్టల మిల్లులో రంగుల పని చేసి వచ్చి నిద్రపోతాడు. ఒక్క మనిషి దగ్గరైనా ప్రతిజ్ఞ నిలవాలి కదా!

మే 11

అయిపోయింది. అంతా అయిపోయింది.

కాలేజీ నుంచి వచ్చేసరికి పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. గిన్నె మీద జల్లెడ. జల్లెడలో నా ఏడు కాగితాలూ ఎర్రగా. పక్కన నాన్న.

"నాన్నా! ఏం చేసినవ్?"

"రంగు కచ్చాగుంది బిడ్డా, నిలుస్తలేదు. ఒక్కొక్కటే మారుతున్నదని మీ అమ్మ చెప్పింది. మా మిల్లుల బట్టకు రంగేసినంక ఆవిరి పట్టిస్తరు, అప్పుడు పక్కా అయితది. నీ పని చెడొద్దని పట్టించిన."

నేను అరిచాను. ఏమన్నానో రాయను. నాన్న నైట్ డ్యూటీకి వెళ్లిపోయాడు, అన్నం తినకుండా.

ఊరంతటికీ చెప్పి, ఈ ఒక్క మనిషికి చెప్పలేదు.

మే 12. ఉదయం 8.00

నాన్న రాగానే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను.

"మీరు పోసే రంగు లాంటిది కాదు నాన్నా ఇది. లైటు పడితే వస్తది."

"రంగెయ్యకుంట రంగా? మా మిల్లు మాస్టర్‌కు చెప్తె నన్ను దవాఖానకు పంపుతడు!" నవ్వాడు. చాయ్ తాగాడు. గ్లాసు కింద పెట్టి, "నన్ను రానిస్తరా మీ ల్యాబ్‌కు? ఒక్కపారి చూస్త," అన్నాడు.

కొత్త ప్రతిజ్ఞ, ఈరోజు నుంచే: ముందు ఇంట్లో అందరికీ చెప్పి, తర్వాతే కవరు పెట్టాలి. కనకవ్వకి రెండుసార్లు చెప్పాలి.

9.10కి మేడమ్‌కి పంపిన మెసేజ్ ఇది:

'మేడమ్, ఇంట్లో ఒక్కటీ నీలంగా మిగల్లేదు. ఒకటి శానిటైజర్‌కి, ఒకటి పులుసు వేడికి, ఏడు ఆవిరికి ఎర్రబడ్డాయి. ఊరికే ఒక్కటీ ఎర్రబడలేదు. పంచిపెట్టిన మూడూ రేకుల గదుల్లోనే ఉన్నాయి, ఇప్పటికీ నీలమే. పొద్దున్నే చూసి వచ్చాను. కాగితాలు ఆగాయి, ఆగలేకపోయింది నేను. జయదేవ్‌కి ఇచ్చే ముందు ఇంకో పది రోజులు ఇవ్వండి. శనివారం కొత్త కాగితాలు చేసేటప్పుడు మా నాన్న వచ్చి చూస్తారట. సెలవు కావాలంటే ముందురోజే ఆయన మిల్లు మాస్టర్‌ని అడగాలి. దయచేసి 15వ తేదీ, శుక్రవారం మధ్యాహ్నంలోగా, నాన్న రావచ్చో లేదో ఒక్క మాట చెప్పండి.'