రూమ్ టోన్

జూన్ 3, మంగళవారం

స్టూడియో ఓనర్ వచ్చి మా ఆయన సామాన్లు ఇచ్చి వెళ్లాడు. హెడ్‌ఫోన్స్, మూడు కేబుళ్లు, హార్డ్ డిస్క్, సగం వాడిన నల్ల టేపు, ఒక నోట్‌బుక్. ముప్పై మూడేళ్ల మనిషి ఒక అట్టపెట్టెలో పట్టేశాడు.

కూర్చోమంటే కూర్చోలేదు. అలాంటి చెవి మళ్లీ దొరకదమ్మా అన్నాడు. మా ఆయన సౌండ్ మిక్సింగ్ టేబుల్ ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయి నాలుగు నెలలైంది. మెదడులో నరం చిట్లిందన్నారు. అందరూ ఇంకా చెవి గురించే మాట్లాడతారు. ఇంట్లో పాలు పొంగుతుంటే మాత్రం ఆ చెవికి ఏనాడూ వినపడలేదు.

జూన్ 4

డిస్క్ పెట్టి చూశాను. పాటలుంటాయనుకున్నా. అన్నీ రూమ్ టోన్లు.

ఎక్కడ రికార్డింగ్‌కి వెళ్లినా పని అయ్యాక అందర్నీ కదలొద్దని, ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసేవాడు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదేనట. మాటల మధ్య అతుకు వేయడానికి అదే కావాలట, ఇంకో గదిది వేస్తే తెలిసిపోతుందట. మా మొదటి అద్దె ఇంట్లో దిగిన రోజు, మంచం కూడా వేయకముందే నన్ను ఊపిరి బిగపట్టమన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వు ఉంది ఫైల్లో.

ప్రతి దాని ముందూ తన గొంతు. "వంటగది. ఒక నిమిషం. ఎవరూ కదలొద్దు." తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనిదాన్ని వింటూ కూర్చున్నాను. పాలు పొంగిపోయాయి. నాకూ వినపడలేదు.

జూన్ 9

పాపకి నాన్న వినపడుతున్నాడట.

దానికి ఐదేళ్లు. ఏడిస్తే అంతా పైస్థాయే అని తను దాన్ని ట్రెబుల్ అని పిలిచేవాడు. అత్తయ్యకి నోరు తిరగక తిరుబులు అంటుంది. ఇవాళ అన్నం తింటూ తింటూ ఆగి, నాన్న చెవిలో ఊదుతున్నాడంది. ఎడమ చెవిలో. ఫుఫ్, ఫుఫ్ అని.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడావా అని కసిరాను. ముట్టుకోలేదంది. అత్తయ్య కళ్లు తుడుచుకుని, వాడు బిడ్డని వదల్లేక వచ్చాడు, దాన్నేమీ అనకు అంది. నాకు ఒళ్లు మండింది. వచ్చేవాడు నా చెవిలోకి రాకూడదా? ఎవరూ చదవరు కాబట్టి నిజం రాస్తున్నా. ఐదేళ్ల పిల్ల మీద అసూయ పడ్డాను.

జూన్ 10

నాకేమీ వినపడలేదు.

జూన్ 17, సాయంత్రం 5

పాప స్కూల్ నుంచి యూనిఫాం నిండా రక్తంతో వచ్చింది. ముక్కులోంచి కారిందట. వేడి చేసి ఉంటుంది, వాళ్ల నాన్నకీ ఇంతే, జేబులో ఎప్పుడూ దూది ఉండేది అంది అత్తయ్య. అవును, ఉండేది. ప్యాంట్లు ఉతికేటప్పుడు తిట్టుకునేదాన్ని.

పాప నాన్న సంగతి మళ్లీ చెప్పింది. అది మెట్లెక్కితే నాన్నా పరిగెత్తుతాడట. పడుకుంటే మెల్లగా ఊదుతాడట. ఊరుకోమన్నాను. ఊరుకుంది. అది ఊరుకోవడమే నాకు నచ్చలేదు.

జూన్ 21

చివరి ఫైళ్లు చూశాను. డిసెంబర్ నుంచి అన్నీ మా ఇల్లే. బెడ్‌రూమ్, ఫ్యాన్ ఆపి. వంటగది, ఫ్రిజ్ ఆపి. బాత్రూమ్, మెయిన్ ఆపి.

గుర్తొచ్చింది. ఇంట్లో ఏదో హమ్, సన్నటి గుయ్‌మనే చప్పుడు ఉందని, పట్టేదాకా వదలనని రోజూ కరెంటు తీసేసేవాడు. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ పాడయ్యాయి. నీకు పిచ్చి పట్టింది, వెళ్లి డాక్టర్‌కి చూపించుకో అన్నాను. తిట్టడానికి అన్నాను. నిజంగా తీసుకెళ్లి ఉంటే!

ఆఖరి ఫైలు జనవరి 24. "హాలు. అన్నీ ఆపేశాను. ఒక నిమిషం." నిమిషం అయ్యాక చాలా మెల్లగా అంటాడు: "ఇప్పుడూ ఉంది."

వాల్యూమ్ మొత్తం పెంచి మళ్లీ విన్నాను. ఫైల్లో ఏమీ లేదు.

జూన్ 22, ఉదయం 7

నోట్‌బుక్ చదివాను. తన రాత కోడి గీకినట్టుంటుంది.

"హమ్ ఎడమవైపే. కేబుల్ మార్చాను, ఉంది. హెడ్‌ఫోన్స్ తిప్పి పెట్టుకున్నాను, అయినా ఎడమే. మెట్లెక్కి వస్తే స్పీడు పెరిగింది, కింద మోటారేమో? ఫుఫ్, ఫుఫ్. మైకుకి దొరకట్లేదు. మంచి మైకు కావాలి."

ఒక లైను కొట్టేసి ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చదివాను. "నా చెవే పోయిందా? ఎవరికీ చెప్పొద్దు."

అదీ సంగతి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాడు. ఆ చెవితోనే బతుకుతున్నాడు కదా, పాడైందని తెలిస్తే ఎవరు పిలుస్తారని భయం. నాక్కూడా చెప్పలేదు. ఎంత కోపం వచ్చిందంటే, ఎదురుగా ఉంటే కొట్టేదాన్ని.

అప్పుడు తట్టింది. ఎడమ. మెట్లు. ఫుఫ్. ముక్కులో రక్తం.

పాప పళ్లు తోముకుంటోంది. నోట్లో నురగతోనే నిలబెట్టి, నాన్న ఊదినప్పుడల్లా చెప్పమన్నాను. దాని మణికట్టు మీద వేలు పెట్టాను. ఫుఫ్ అంది. నాడి కొట్టుకుంది. ఫుఫ్ అంది. కొట్టుకుంది. ఒక్కటీ తప్పలేదు.

అదే రోజు, 7.40

పాపని హాస్పిటల్‌కి తీసుకెళ్తానంటే అత్తయ్య గుమ్మానికి అడ్డం నిలబడింది. చచ్చినవాణ్ని రెండోసారి తరిమేస్తావా అని ఏడ్చింది. మామయ్యగారు ఎలా పోయారని అడిగాను. తలనొప్పని పడుకుని లేవలేదంది. అప్పటికి ఆయనకి ముప్పై ఆరేళ్లు. నాకు ఫోటోలో చూడటమే తెలుసు. చెవిలో ఏదైనా చప్పుడు వస్తుందనేవారా అని అడిగాను.

గుమ్మానికి అడ్డం పెట్టిన చెయ్యి దించింది.

"రైలు పోతోందనేవాడు. ఎడమ చెవిలో. నేను నవ్వేదాన్ని."

నాకంటే ముందు తనే చెప్పులేసుకుంది.

జూన్ 23, హాస్పిటల్

డాక్టరమ్మ కుర్ర మనిషి. నవ్వుతూ పాప ఎడమ చెవి వెనక స్టెతస్కోపు పెట్టింది. నవ్వు ఆగిపోయింది. నా చెవుల్లో పెట్టి నన్నూ వినమంది.

ఫుఫ్. ఫుఫ్.

ఖరీదైన మైకులన్నిటికీ దొరకనిది ఇదే. దాన్ని నా బిడ్డ తలలో విన్నాను.

స్కానింగ్ అయింది. చెవి వెనక, మెదడుని ఆనుకుని రక్తనాళాలు చిక్కుపడ్డాయట. వంశంలో వస్తుందట, ముక్కులో రక్తం కూడా దాని గుర్తేనట. చిట్లకముందే తెచ్చారంది. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పైకి పంపి మూసేస్తారట. ప్రమాదం ఎంత అని అడిగాను. చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను.

జూన్ 27, ఉదయం 8

ఆపరేషన్ చేస్తే నాన్నకి నొప్పి పుడుతుందా అని పాప అడిగింది. పుట్టదన్నాను. మరి ఉంటాడా అంది. ట్రాలీ ఇంకా రాలేదేంటని బయటికి చూశాను.

మా ఆయన ఇంట్లో వాడిన రికార్డర్ తెచ్చాను. ఎందుకు తెచ్చానో తెలీదు. కిటికీ మూసి, బటన్ నొక్కి, "హాస్పిటల్ గది. ఒక నిమిషం. ఎవరూ కదలొద్దు" అన్నాను. అత్తయ్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాప ఊపిరి బిగపట్టింది. నలభై సెకన్ల దగ్గర నవ్వేసింది. చెరపలేదు.

ట్రాలీ వచ్చింది.

జూన్ 28

కళ్లు తెరిచింది. నీళ్లు అడిగింది. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు విన్నది.

"అమ్మా, నాన్న ఆగిపోయాడు."

అవునన్నాను. ఏడుపు మొదలుపెట్టింది, వార్డంతా వినపడేలా, పైస్థాయిలో. ఏడవనిచ్చాను. నేనూ ఏడ్చాను.