నీలం లేబుల్ రికార్డు

1955 ఫిబ్రవరి 6, ఆదివారం

చేనేత సొసైటీ వాళ్ళిచ్చిన డైరీ నెల రోజులుగా గూట్లో పడి ఉంది. నాలుగో క్లాసుతో ఆగిపోయిన మగ్గం మనిషికి డైరీలో రాసుకోవడానికి ఏముంటుంది అనుకున్నాను. ఇవాళ ఉంది. నా కొడుకు నరసన్న క్లారినెట్ ఊదిన రికార్డు లోకంలో ఒకటుందట.

చెప్పినవాడు దస్తగిరి సాబ్. ఎమ్మిగనూరులో పెళ్ళిళ్ళకు గ్రామఫోన్ అద్దెకిచ్చేది అతనే. రికార్డు కంపెనీ కేటలాగు ముందేసుకొని, మీ నరసన్న బొంబాయిలో యా బ్యాండులో ఉండె మద్దన్నా అని అడిగాడు. బారెటో బ్యాండు అన్నాను. వాడి జాబుల కవర్ల మీద ఆ పేరుండేది. అయితే ఇదో ఈడుండాది సూడు, డెక్కన్ షఫుల్ అంట, యుద్ధం అప్పుడు ఒకతూరి వచ్చింది, ఇప్పుడు మళ్ళా అచ్చేసినారు అన్నాడు. అతను వేలు పెట్టిన చోట నేనూ వేలు పెట్టాను. ఇంగ్లీషు నాకు రాదు. అయినా ఎంతసేపు చూశానో.

దీన్ని జాజ్ సంగీతం అంటారట. నా కొడుకు జాజ్ మనిషి. ఇవాళ ఈ ఊళ్ళో నా అంత భాగ్యవంతుడు లేడు.

ఫిబ్రవరి 7

ఒక మాట నిజం రాయాలి. వాడు ఊదగా నేను ఒక్కసారి కూడా వినలేదు.

మగ్గం గుంతలో కూర్చోనని వాడు ఇరవై ఏళ్ళప్పుడు గుంతకల్లు పోయాడు. అక్కడ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో దొరల డాన్సులకు బ్యాండు ఉంటే అందులో నేర్చుకున్నాడు. అక్కణ్ణుంచి బొంబాయి హోటళ్ళు. పీకె ఊదేవాడు నాకు కొడుకు కాదన్నాను. తొమ్మిదేళ్ళు జాబు రాయలేదు. నా భార్య చౌడమ్మే పక్కింటివాళ్ళ చేత రాయించేది.

బొంబాయిలో సారాయి బంద్ చేశాక హోటళ్ళలో బ్యాండ్లు తగ్గిపోయాయి. అదే ఏడు వాడికి చిగుళ్ళు పుచ్చి పైపళ్ళన్నీ పీకించుకోవలసి వచ్చింది. పైపళ్ళు లేకుండా క్లారినెట్ పట్టుకోలేరట. క్లారినెట్ అమ్మేసి ఇంటికొచ్చాడు. ఆరేళ్ళుగా సొసైటీలో నూలు స్టాకు రాస్తున్నాడు. పాట మాట ఎత్తడు. వాడి పెట్టెలో ఒక సిగరెట్ డబ్బా ఉంది, దాన్ని ముట్టుకోనివ్వడు. యా బొంబాయి ఆడదాని పోటోనో అంటుంది చౌడమ్మ.

నాకు అరవై ఎనిమిది. పళ్ళు ముప్పై రెండూ ఉన్నాయి, చెరుకు గడ కొరికి తింటాను. తండ్రికి పళ్ళుండి కొడుక్కి లేకపోవడం ఎక్కడి లెక్కో.

ఫిబ్రవరి 22

కర్నూలు పోయి చెవి చూపించుకున్నాను. ఎడమ చెవి చిన్నప్పుడే చీము పట్టి పోయింది. ఇప్పుడు కుడిదీ కారుతోంది. ఊరు రాజధాని అయినప్పటి నుంచి ఆస్పత్రిలో నిలబడే చోటు లేదు. డాక్టరు రెండు కొమ్ముల ఇనుప కడ్డీ ఒకటి కొట్టి చెవి దగ్గర పెట్టాడు. ఏదో దూరంగా మోగింది. అదే నుదుటి మీద ఆనిస్తే తల లోపల గంట కొట్టినట్లు ఖంగుమంది. నాకు ఎంత సంతోషమైందో. ఇంకోసారి పెట్టమన్నాను. లోపల బాగుందయ్యా, తలుపే మూసుకుపోతాంది, చెవిలోకి నీళ్ళు పోనీవద్దు, పోతే ఈ ఏడే చెవిటివాడివి అవుతావు అన్నాడు.

అంటే త్వరపడాలి.

మార్చి 11

వచ్చింది. బెంగుళూరు నుంచి దస్తగిరి తెప్పించిన రికార్డు పార్సెల్. ఎర్ర లేబుల్, నల్లగా అద్దంలా ఉంది. దస్తగిరి గ్రామఫోన్ మా వసారాలో పెట్టి, పిన్ను కొత్తది వేసి, తాళం తిప్పాడు. నేను కుడి చెవి పెట్టెకు ఆనించి కూర్చున్నాను. మొదట అందరూ కలిసి ఒక గోల. తర్వాత గోల తగ్గి, క్లారినెట్ ఒక్కటే లేచింది. సన్నగా, నున్నగా, పట్టుపోగు లాగా. నేను ఏడ్చాను. సిగ్గేమీ లేదు. వీధిలో పోయేవాళ్ళను పిలిచి వినిపించాను. పన్నెండుసార్లు పెట్టించాను. పిన్ను అరిగిపోయింది మద్దన్నా, నీ కొడుకు అరగలే అన్నాడు దస్తగిరి. చౌడమ్మ చేత పాయసం చేయించి వీధి వీధంతా పంచాను. ఇదేం పాట, పిల్లి తోక తొక్కినట్లుండాది అన్నాడు పక్కింటి ఓబన్న. వాడికి రెండు గ్లాసులు పోయించాను.

నరసన్న సొసైటీ నుంచి వచ్చి, గడపలో నిలబడి విని, చెప్పులు వదిలి లోపలికి పోయాడు.

మార్చి 13

అది వాడు కాదట.

మార్చి 14

నిన్న రాయడానికి చేయి రాలేదు. వాడే వచ్చి నా పక్కన కూర్చొని చెప్పాడు. అది నేను కాదు నాయినా, అది మా బ్యాండులోని పెరేరా, నువ్వు పాయసం పంచుతాంటే అప్పుడు చెప్పబుద్ధి కాలే అన్నాడు.

సంగతి ఇది. ఆ పాటను రెండుసార్లు పట్టారు. మొదటిసారి వీడు ఊదాడు. కాయితం మీద రాసింది కాకుండా తనకు తోచింది ఊదాడట. బారెటోకు కోపమొచ్చి, రాసిందే ఊదు అన్నాడు. వీడు ఊదనన్నాడు. రెండోసారి పెరేరా ఊదాడు. కంపెనీ దొర మాత్రం మొదటిదే బాగుందని అదే అచ్చు వేశాడు. నీలం లేబుల్. యుద్ధంలో లక్క దొరక్క కొద్దిగానే వేశారు. ఇప్పుడు మళ్ళీ వేసేటప్పుడు పాత అచ్చు పాడయిందని రెండోదాన్ని వాడారు. పేరు అదే, నెంబరు అదే, బ్యాండు అదే. ఊదినవాడు వేరు.

ఎట్లా కనుక్కునేది అన్నాను. రికార్డును వెలుతురుకు వాల్చి చూపించాడు. గీతలు అయిపోయి లేబుల్ మొదలయ్యే చోట నున్నటి జాగా ఉంది. అందులో సూదితో గీసినట్లు సన్నటి అంకెలు, చివర ఒక గీత, దాని పక్కన 2. మనది 1 ఉండాల అన్నాడు.

ఇది నాకు వెంటనే అర్థమైంది. మా నాయన చీర అయిపోయే చోట, కత్తిరింపుకు ముందు, మూడు ఎర్రపోగులు వేసేవాడు. కొన్నవాళ్ళకు తెలియదు. నేసినవాడికి తెలుసు.

ఎన్నాళ్ళకు వాడు నాతో ఇంతసేపు మాట్లాడాడు. పాయసం దండగ కాలేదు.

మార్చి 30

గుంతకల్లు పోయి వచ్చాను. నీలం లేబుల్‌వి ఎక్కువగా రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లు కొన్నాయని, దస్తగిరి రాసి అడిగితే బెంగుళూరు వాళ్ళు చెప్పారు. గుంతకల్లులో డాన్సులు లేవు, దొరలు సగంమంది ఇంగ్లండు సీమకు పోయారు. ఒక మూల పెట్టెడు రికార్డులు బూజు పట్టి ఉన్నాయి. మాకెందుకు తీసుకుపో అన్నాడు అక్కడి గుమాస్తా. ముప్పై ఒకటి. డెక్కన్ షఫుల్ లేదు. అయినా అన్నీ తెచ్చాను. కలకత్తా బ్యాండ్లు, అమెరికా బ్యాండ్లు, పేరు ఎవరూ వినని వాళ్ళు. కొన్నింటి మీద లేబుల్ మీద లేబుల్ అంటించి ఉంది.

పెళ్ళిళ్ళు లేనప్పుడు దస్తగిరి గ్రామఫోన్ మా వసారాలోనే ఉంటుంది, రోజూ రెండు వింటున్నాను. ఈ జాజ్ నాకు తెలిసిపోయింది. ఒకడు పడుగు పరిచి పెడతాడు. మిగిలినవాళ్ళు ఎవరికి తోచిన రంగు పేక వాళ్ళు వేస్తారు. అయినా చీర చెడదు. ఇది ఎట్లా చేస్తారో అని ఆశ్చర్యం. నేను యాభై ఏళ్ళు నేసి ఒక్క పోగు నాకు తోచినట్లు వేయలేదు.

ఏప్రిల్ 17

ఘోరం చేశాను. రికార్డులు బూజుగా ఉన్నాయని కుంకుడు నీళ్ళతో కడిగి, నూలు ఆరబెట్టినట్లు మిద్దె మీద నులక మంచం వేసి ఎండకు పరిచాను. అన్నం తిని పోయేసరికి ముప్పై ఒకటీ అప్పడాల్లా వంగి మంచం పట్టెల మీదికి వాలాయి. అది లక్క నాయినా, లక్క అని నరసన్న తల పట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. పైపళ్ళు లేని నోటితో, చేయి అడ్డం పెట్టుకోకుండా.

నేనూ నవ్వాను. ముప్పై ఒక్క రికార్డులకు ఆ నవ్వు చౌక.

ఏప్రిల్ 18

వంగినదాన్ని ఒకటి చౌడమ్మ జొన్నరొట్టెల గంప మీద మూత వేసింది. సరిగ్గా సరిపోయింది.

జూన్ 9

మళ్ళీ పద్నాలుగు చేరాయి. ఆదోనిలో ఒకరి అటక మీంచి, బళ్ళారి నుంచి, దస్తగిరి ఎక్కడెక్కడి నుంచో. ఊళ్ళో నన్ను జాజ్ మద్దయ్య అంటున్నారు. సొసైటీ గుమాస్తా ఒకడు, ఏమప్పా రికార్డులు మగ్గానికి యాడ కడ్తావు అన్నాడు. ఏదైనా అననీ.

నరసన్న ఇప్పుడు సాయంత్రం నాతో కూర్చుంటున్నాడు. గోనెసంచిలో కాదు నాయినా, నిలబెట్టి పెట్టాల అని చెక్కతో అర చేశాడు. ఒక్కో రికార్డు వాల్చి అంకెలు చదివి చెప్తాడు, నేను రాసుకుంటాను. వినేటప్పుడు నేను పెట్టెకు ఇంకా దగ్గరగా జరగాల్సి వస్తోంది. వాడు చూశాడు.

ఊదలేకపోవడం బాధగా ఉందా అని ఇవాళ అడిగేశాను. ఊదేది కాదు నాయినా, ఇనేది పోయింది అన్నాడు. క్లారినెట్ ముక్కును పైపళ్ళ కింద పెట్టి పడతారట, అప్పుడు పాట పళ్ళలోంచి తలకాయలోకి పోతుందట. మేము చెవులతో శానా తక్కువ ఇంటాము అన్నాడు.

జూలై 3, ఆదివారం

దొరికింది దొరికింది దొరికింది.

కడప అవతల నందలూరు. అక్కడి రైలింజన్ల షెడ్డు దగ్గర దొరల బంగళాలు. గార్డు పని చేసి చనిపోయిన ఒకాయన భార్య, డోరతీ దొరసాని, కూతురి దగ్గరికి సీమకు పోతూ సామాను అమ్ముతోందని దస్తగిరికి జాబు వచ్చింది. నిన్న ఆదోనిలో రైలెక్కి పోయాను. అన్నీ అమ్ముడయ్యాయి, గ్రామఫోన్ కూడా. ఖాళీ ఇంట్లో ఒక్క పెట్టె మీద కూర్చొని ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, మన తెలుగే; నాకంటే పెద్దదే, నన్ను తాతా అంటుంది. అంతా పాయ తాతా, పగిల్నవే ఉండాయి అని కూర్చున్న పెట్టెలోంచి నాలుగు తీసింది. మూడోది నీలం. కిటికీ దగ్గరికి పోయి వాల్చాను. చివర గీత. దాని పక్కన 1.

అంచు నుంచి లేబుల్ దాకా ఒక చీలిక. పాడతాది, కానీ ప్రతి తిరుగుడుకూ టక్కుమంటాది అంది. ఊదింది నా కొడుకు అన్నాను. నమ్మలేదు. తర్వాత నమ్మింది. దీనికి మేము డాన్సు చేసినాము, మా ఆయనా నేనూ, ఈ క్లారినెట్ వచ్చేకాడ ఆయన ఎప్పుడూ కాళ్ళు తప్పుతాండె అంది. పగిలినదానికి దుడ్లేంది అని ఏమీ పుచ్చుకోలేదు. నేను నేసిన దుప్పటి ఇచ్చాను. సీమలో చలి కదా.

ఇవాళ ఆదోనిలో రైలు దిగి బస్సు ఎక్కేటప్పుడు వాన. కప్పు కారే బస్సు. తలపాగా విప్పి రికార్డుకు మూడు చుట్లు చుట్టి పొట్టకు పెట్టుకున్నాను. ఇల్లు చేరేసరికి రికార్డు పొడిగా ఉంది. దస్తగిరి అక్క కూతురి పెళ్ళికి గ్రామఫోన్ తీసుకొని పోయాడు, ఎల్లుండి వస్తాడు. ఎల్లుండి ఎంతలో ఉంది.

జూలై 4

చెవిలో పోటు. తల తడిసింది కదా.

జూలై 24

ఇరవై రోజులు జ్వరం. నిన్నటికి లేచి కూర్చున్నాను. చెవి లేదు. చౌడమ్మ నోరు కదులుతుంది, మాట రాదు. నరసన్న పలక మీద రాసి చూపిస్తాడు.

వాడు రికార్డు ఇంకా పెట్టలేదు. నువ్వు లేచినాకనే అని రాశాడు. ఇవాళ పెట్టమన్నాను. నీలం లేబుల్ తిరగడం చూస్తూ కూర్చున్నాను. పెట్టె మీద చెవి ఆనించాను. కట్టెకు చెవి ఆనించినట్లే ఉంది.

అప్పుడు చౌడమ్మను చూశాను. మూల రాట్నం దగ్గర కండెలు చుడుతోంది. ఆమె చెయ్యి ఆగింది. లేచి వచ్చి నరసన్న మొహంలోకి చూసి ఏదో అంది. వాడు పలక మీద రాశాడు. ఇది నేను కండెలు చుట్టేటప్పుడు పాడుకొనేది గదరా, ఆ దొరలకు ఇది ఎవరు చెప్పినారు అంటాంది అమ్మ.

వాడికి తోచింది ఊదాడంటే అది.

నేను సంతోషంగానే ఉన్నాను. వాళ్ళిద్దరూ విన్నారు. టక్కుమంటోందా అని అడిగాను. మగ్గం మాదిరే నాయినా అని రాశాడు. రాసి, నా మొహం చాలాసేపు చూశాడు. నా నోటి వైపు.

జూలై 25

పొద్దున నరసన్న సిగరెట్ డబ్బా తెచ్చి నా ముందు తెరిచాడు. ఆడదాని ఫోటో కాదు. క్లారినెట్ ముక్కు. నల్లగా ఉంది. పైన రెండు గుంటలు, వాడి పైపళ్ళు పదేళ్ళు కూర్చున్న చోటు. రికార్డు తిప్పి, ముక్కు ఒక కొస నా నోట్లో పెట్టి, ఇంకో కొస గ్రామఫోన్ పెట్టెకు ఆనించి, కొరకమని సైగ చేశాడు.

కొరికాను. నా పళ్ళు ఆ గుంటల్లోకి సరిగ్గా దిగాయి.

టక్, టక్, మగ్గం. దాని మీద నా కొడుకు.