బాపు చూసిన వణుకు

మంగళవారం, బోధన్

ఎల్లుండి హైదరాబాద్‌లో టోర్నమెంట్. గోల్ఫే నా బతుకుతెరువు అయ్యాక ఏ పోటీకీ ఇంత భయపడలేదు. పొద్దున చెరకు తోట పక్కన, చదును చేసుకున్న గడ్డి మీద, దగ్గరి గుంతలోకే బంతిని నెట్టబోయాను. కుడి చెయ్యి వణికి బంతి పక్కకు పోయింది. కొన్నాళ్లుగా ఇదే వరస. ఎవరికీ చెప్పలేదు. వెనక బాపు ఉన్నాడని చూసుకోలేదు.

"చెయ్యెందుకు వణుకుతున్నది బిడ్డా?"

"చలికి బాపూ."

"గింత ఎండల చలేంది?"

నేను పోయి బంతి తీసుకున్నాను. బాపు దగ్గరికొచ్చి, "ఈసారి నేను సుత వస్త. నీ ఆట ఎన్నడు సూడకపోతి," అన్నాడు.

వద్దనలేకపోయాను. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి నిలకడగానే ఉంది. అంటే వణుకు బంతి ముందు నిలబడ్డప్పుడే. అదే ఇంకా భయం. అక్కడ, బాపు చూస్తుండగా వణికితే...