అన్నయ్య చంపేసిన చెల్లెలు

మార్చి 9, సోమవారం

ప్రియమైన అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. మీ బావ, పిల్లలు క్షేమం. ఉత్తరాల్లో ఈ మాట అందరూ అలవాటుగా రాసేస్తారు, చదివేవాళ్లు అలవాటుగా దాటేస్తారు. ఈసారి నువ్వు దాటెయ్యకు. మళ్లీ చదువు. నేను క్షేమంగా ఉన్నాను. పొద్దున వంట చేశాను, బట్టలు ఆరేశాను, కళ్లద్దాల దుకాణానికి సెలవు పెట్టి కూర్చుని ఇది రాస్తున్నాను. చచ్చిపోయినవాళ్లు ఇన్ని పనులు చెయ్యరు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే నువ్వు మాట్లాడతావు. నువ్వు మాట్లాడటం మొదలుపెడితే నాకు కోపం నిలవదు, చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే ఉత్తరం. దీనికి మధ్యలో అడ్డుపడలేవు.

నిన్న నేను నువ్వు గైడుగా తిప్పే నీలాల గని యాత్రకు వచ్చాను. "గని నుంచి నగ దాకా, ఒక్క రోజులో." వచ్చి చూస్తానని అడిగినప్పుడల్లా ఇప్పుడు రద్దీగా ఉంది, ఎండలు తగ్గాక రా, వానలు తగ్గాక రా అని దాటవేస్తూ వచ్చావు. పనిలో ఉన్నప్పుడు ఇంటివాళ్లు కనబడితే సిగ్గేమో అనుకున్నాను. చెప్పకుండా వచ్చి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యం ఎవరి వంతయిందో నీకూ తెలుసు.

వ్యాను డ్రైవరు టికెట్లు చూసి ఎక్కించాడు. నువ్వు గని దగ్గరే ఉన్నావు. దిగగానే అందరికీ హెల్మెట్లు, దుమ్ముకు మాస్కులు ఇచ్చారు. నీ చేత్తోనే నా హెల్మెట్టు బెల్టు బిగించావు. ముఖం చూడలేదు. బిగుతుగా ఉందా మేడమ్ అని అడిగి, పక్కావిడ దగ్గరికి వెళ్లిపోయావు. నేను మాస్కు చాటున నవ్వుకుంటూ, వీడు ఎప్పుడు గుర్తుపడతాడో చూద్దామని ఊరుకున్నాను.

తర్వాత జరిగింది నీకు తెలిసిందే. రోజూ నువ్వు చెప్పేదే. కానీ చెప్పేవాడివే తప్ప ఎదుట నిలబడి ఎప్పుడూ విని ఉండవు. అందుకని నేను విన్నది విన్నట్టు రాస్తాను.

పాత గుంట చుట్టూ కట్టిన కంచె దగ్గర మమ్మల్ని నిలబెట్టావు. లోపలికి చూడమన్నావు. కుళ్లిన దుంగలు, అడుగున పచ్చని నీళ్లు. ఇది మా నాన్న సొంతంగా తవ్వుకున్న గుంట అన్నావు. అప్పుడే నాకు నవ్వు ఆగిపోయింది. మన నాన్న ఆ గనిలో జీవితమంతా మట్టి తట్టలు పైకి లాగే వించి తిప్పాడు. ఆయన సొంతంగా తవ్విన గుంట ఏదైనా ఉంటే అది పెరట్లో చెత్త పూడ్చిన గుంటే.

అక్కడితో ఆగావా. గొంతు తగ్గించి, నాకో చెల్లెలు ఉండేది అన్నావు. ఉండేది. నాన్నకు క్యారియర్ తీసుకుని ఈ గుంటలోకి దిగింది, పక్క గోడ విరిగి పడింది అన్నావు. మట్టి తోడి తీశాక ఆ పిల్ల గుప్పిట్లో నీలం రాయి ఉందన్నావు. ఆ రోజు నుంచి మా అమ్మ నోరు విప్పి మాట్లాడలేదు అన్నావు. మన అమ్మ. కూరగాయల బండి వీధి మొదట్లో ఉండగానే అరుగు మీంచి బేరం మొదలుపెట్టే అమ్మ. ఆమె అక్కడ ఉండి ఉంటే అంతమంది ముందే నీ చెవి మెలిపెట్టేది.

నా చుట్టూ ఉన్నవాళ్లంతా ముక్కులు చీదుకుంటున్నారు. నేను మాత్రం గుడ్లప్పగించి నిన్నే చూస్తున్నాను. నా చావు గురించి అంత చక్కగా ఎవరూ చెప్పలేరు, అన్నయ్యా. నాకే ఒక్క క్షణం, పాపం ఎవరో చిన్నపిల్ల అనిపించింది. ఆ తర్వాత అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్కడి నుంచి రాళ్లు కడిగే తొట్ల దగ్గరికి నడిపించావు. మోకాళ్ల దాకా నీళ్లలో పిన్ని జల్లెడ తిప్పుతూ ఉంది. గని కూలీల ఇళ్లున్న మన వరసలో చివరి ఇంటి పిన్ని, మనకు జడలు వేసిన, దెబ్బలు తగిలితే పసుపు అద్దిన పిన్ని. చెల్లి గుప్పిట్లో దొరికిన రాయిని ఇదిగో ఈ తొట్టిలోనే కడిగారు అని ఆమె ముందే చెప్పావు. ఆమె తల ఎత్తలేదు. జల్లెడలో గులకరాళ్లు ఏరుతూనే ఉంది. కూతురిని జ్వరానికి పోగొట్టుకున్న మనిషి ఆమె. మనం పిచ్చుక అని పిలుచుకున్న పిల్లను. నాతో కలిసి ఒంటికాలి మీద గెంతుతూ వీధంతా తిరిగిన పిచ్చుకను. నన్ను అత్తయ్య ఇంట్లో ఉంచి చదివిస్తున్న ఏడాది అది పోయింది, నాకు చివరి చూపు కూడా దక్కలేదు. నిజంగా పిల్లను పోగొట్టుకున్న తల్లి ముందు నిలబడి, బతికున్న పిల్లను చంపి కథ అల్లడానికి నీకు నోరెలా వచ్చింది?

అందరూ ముందుకు కదిలాక నేను వెనకపడి మాస్కు కిందికి లాగాను. పిన్ని నన్ను చూసింది. చూసి, తడిచేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఏమీ అనకే తల్లీ, వాణ్ని ఏమీ అనకు అంది. ఆమె కూడా నీ వైపే. ఏం చెప్పి బెదిరించావో అనుకున్నాను.

సానపట్టే గదిలో దుమ్ము లేదని మాస్కులు తీసెయ్యమన్నారు. అక్కడ పనివాళ్లు రాయిని లక్కతో పుల్లకు అంటించి, తిరిగే చక్రానికి ఆనించి ఒక్కొక్క పలకే అరగదీస్తున్నారు. ఎంత శ్రద్ధగా చేస్తున్నారో. నేను రోజంతా అద్దాలు అరగదీసేదాన్నే కాబట్టి ఇంకో రోజయితే వాళ్ల పక్కన కదలకుండా కూర్చునేదాన్ని. ఈ చక్రం మీదే మా చెల్లి రాయికి వెలుగొచ్చింది అని చెబుతూ నువ్వు ఇటు తిరిగావు. నన్ను చూశావు.

నీ మాట సగంలో తెగిపోయింది. యాత్రకు వచ్చినవాళ్లంతా అది చెల్లెలి మీద బెంగ అనుకున్నారు. ఒకాయన నీ భుజం తట్టాడు. ఎవరో మంచినీళ్ల సీసా అందించారు. నువ్వు తాగి, మూతి తుడుచుకుని, నా వైపు చూడకుండా, మేడమ్ కాస్త పక్కకు జరగండి, వెనకవాళ్లకు కనబడటం లేదు అన్నావు.

చంపినందుకు ఎంత కోపం వచ్చిందో, ఆ మేడమ్ అన్నందుకు అంతకు రెట్టింపు వచ్చింది. చావయినా దూరంగా జరిగింది. ఇది నా ముఖం మీద చేశావు. నన్ను చూసి, నన్ను కాదనుకుని, నోరు మూసుకుని పక్కకు జరగమన్నావు. నేను జరిగాను. అదే నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

పొదిగే పనివాళ్ల గదిలో ఏం చూశానో గుర్తులేదు. బంగారం వాసన ఉంటుందా? ఏదో కాలిన వాసన మాత్రం గుర్తుంది. చివరికి షోరూములోకి తీసుకెళ్లారు. నల్ల మఖమలు పరిచిన పళ్లెంలో ఉంగరాలు. "చెల్లి నీలం" అని పేరు. నా పేరు మీద సరుకు పెట్టి అమ్ముతున్నారన్నమాట. పొడుగ్గా, గుండ్రంగా, లేతరంగు, ముదురురంగు. నేను ఒక్కసారి చస్తే ఇన్ని రాళ్లు ఎలా వచ్చాయో అడిగినవాళ్లు లేరు.

వ్యానులో నా పక్కన కూర్చున్న ఆవిడ ఒక ఉంగరం కొంది. నెమ్మదస్తురాలు, దారంతా నాకు బఠాణీలు పెడుతూ వచ్చింది. ఆవిడ కొడుకు ఈతకు వెళ్లి తిరిగిరాలేదట. ఉంగరం తొడుక్కుని వేలు నాకు చూపించింది. ఇంత చిన్న పిల్ల ఆఖరి క్షణంలో కూడా దీన్ని వదల్లేదంటే నాకు కొంచెం ధైర్యంగా ఉందమ్మా అంది. తర్వాత నన్ను తేరిపార చూసి, పాపం ఆ పిల్ల ఉంటే ఇప్పుడు మీ అంతే ఉండేదేమో కదా అంది.

నేనేం చెప్పను చెప్పు? ఆ పిల్లను నేనేనమ్మా, మీరు ఏడ్చింది నాకే, ఆ ఉంగరం తిరిగిచ్చెయ్యండి అననా? ఆవిడ ముఖం చూస్తూ అనలేకపోయాను. అవునండీ, నా అంతే ఉండేది అన్నాను. నీ అబద్ధంలోకి నన్ను కూడా లాగావు. నా చావుకు నాచేతే సాక్ష్యం చెప్పించావు.

తర్వాత నీకోసం ఆఫీసు గదికి వచ్చాను. ఇప్పుడే బండి మీద వెళ్లిపోయాడన్నారు. నేను వచ్చేలోపు పారిపోయావు. నాలుగుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. దయ్యం అనుకున్నావా?

ఇక సూటిగా రాస్తాను. ఆ కథ ఆపు. ఆ పళ్లెం తీయించు. నీకు మాటకారితనం ఉంది, రాళ్ల గురించి, పనివాళ్ల చేతుల గురించి చెప్పినా జనం వింటారు. ఏడిపించాల్సిన పని లేదు. ఏడిపించడమే కావాలంటే నిన్ను నువ్వు చంపుకో, నన్ను కాదు. నువ్వు ఆపేదాకా మా ఇంటి గడప తొక్కకు. పిల్లలు మామయ్య ఏడని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు, కథలు చెప్పడం నీ ఒక్కడికే రాదు.

ఇట్లు,
నువ్వు ఎన్నిసార్లు పూడ్చినా బతికే ఉన్న
నీ చెల్లెలు

తా.క.

ఈ ఉత్తరం రాసి వారం దాటింది. కవరు అంటించి కూడా పోస్టు చెయ్యలేకపోయాను. పిన్ని చెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉన్నట్టు ఉంది. నిన్న ఆమె దగ్గరికి వెళ్లాను. నువ్వు ఏం చెప్పి ఆమె నోరు మూయించావో తేల్చుకుందామనే వెళ్లాను.

ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ కాళ్లు నీళ్లలో నాని నాని తెల్లబడి పగిలిపోయాయి. నేను నిన్ను తిట్టినంతసేపూ విని, వాడు నిన్ను చంపలేదే, నా పిల్లకు నీ పేరు అప్పు తెచ్చాడు అంది.

పిచ్చుక జ్వరంతో పోలేదట కదా, అన్నయ్యా. క్యారియర్ ఇచ్చి రమ్మని తండ్రి దగ్గరికి పంపితే, గోడ విరిగింది దాని మీదేనట. జ్వరం అనకపోతే గని మూతపడుతుంది, వరసలో ఒక్క పొయ్యి వెలగదు అని గని యజమాని పెద్దాయన అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడట. మన నాన్న చేత కూడా. నువ్వు ఆ రోజు నాన్న పక్కనే వించి దగ్గర ఉన్నావట. నాకు ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదు.

యాత్ర మొదలైనప్పుడు, ఆ గుంట దగ్గర నా పిల్ల ఊసు ఒక్కసారి ఎత్తరా అని పిన్నే నిన్ను అడిగిందట. నువ్వు మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పావట. ఇప్పుడు గని చూసుకునే పెద్దాయన కొడుకు, చిన్నాయన, పిలిచి, మా గనిలో ఏ పిల్లా చావలేదు, మళ్లీ నోరెత్తితే నీతోపాటు ఆ ముసల్దీ బయటికి పోతుంది అన్నాడట. అప్పుడు నువ్వు ఆ గుంటను నాన్నది చేశావు, పిల్లను చెల్లెల్ని చేశావు. చిన్నాయనకు అది తెగ నచ్చింది. గుప్పిట్లో రాయి, ఆ ఉంగరాలు, అవి ఆయన కలిపినవట. ఆ పిల్ల చేతిలో ఏమీ లేదు అంది పిన్ని. అయినా రోజూ పదిమంది దాని కోసం ఏడుస్తుంటే వింటూ నీళ్లలో నిలబడటం తనకు బాగుంటుందట.

నాకు ఇదంతా చెప్పలేదు కదా అని నీ మీద కోపం అలాగే ఉంది. కానీ ఇప్పుడు వేరే కోపం ఒకటి వచ్చి దాని ముందు కూర్చుంది.

గోడ పడ్డాక పిచ్చుక లోపలి నుంచి చాలాసేపు పిలిచిందట. పిన్ని తాడు పట్టుకుని దిగబోతే పెద్దాయన మనుషులు రెక్కలు పట్టుకుని ఆపేశారట. ముందు నీళ్లు తోడే పంపు పైకి లాగించారట, అది మునిగితే పాడైపోతుందని. ఈ ముక్క నువ్వు నిజం చెప్పిన రోజుల్లో కూడా చెప్పలేదట. పిన్ని చేతులూ కాళ్లూ ఇక ఆ నీళ్లకు ఓర్చడం లేదు, నెలాఖరుకు పని మానేస్తోంది. మానేసేలోపు, తను అక్కడ నిలబడి ఉండగా, ఎవరో ఒకరు ఆ మాట పైకి అనాలని ఉందట.

నువ్వు అనలేవు, నాకు తెలుసు. నీకు ఇల్లూ పిల్లలూ ఉన్నారు, నిన్ను అనమని నేను అడగను. ఆదివారం వ్యానుకు టికెట్టు తీసుకున్నాను. నువ్వు మామూలుగానే నాకో చెల్లెలు ఉండేది అని మొదలుపెట్టు. అక్కడి నుంచి నేను చెబుతాను. చచ్చిపోయినదాన్ని ఏ ఉద్యోగంలోంచి తీసేస్తారో చూస్తాను.